గడప మీద గుప్పెడు బూడిద

నాందేడులో గంగ ఒడ్డున బెస్తవాళ్ల గల్లీ ఒకటి ఉంది. అక్కడ గోదావరిని గోదావరి అని ఎవరూ అనరు, గంగ అంటారు. ఆ గల్లీలో అంబదాస్ ఇంటి గడప మీద ఎవరైనా గుప్పెడు బూడిద పెట్టారంటే, ఇక నోరు విప్పి ఏమీ చెప్పనక్కర్లేదు. వాళ్ల మనిషి ఒకరు గంగలో మునిగారు, ఇంకా దొరకలేదు, వాళ్లింట్లో పొయ్యి వెలగడం లేదు. చల్లారిన ఆ పొయ్యిలోంచి తీసిన బూడిదే అది.

బూడిద కనబడగానే అంబదాస్ తింటున్న పళ్లెం పక్కకు జరిపి లేచేవాడు. మునిగినవాణ్ణి వెతికి ఒడ్డుకు చేర్చాక తడిబట్టలతోనే ఇంటికి వచ్చి, గడప మీది బూడిదను తన చేత్తో ఎత్తి తీసుకెళ్లి గంగలో కలిపేవాడు. అంతవరకు దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టకూడదు, చీపురు తగలకూడదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. నిజాం కాలంలో అతని తాత ఇలాగే చేశాడు, తర్వాత తండ్రి ఇలాగే చేశాడు. పని చేసినందుకు ఒక తువాలు తప్ప ఏమీ పుచ్చుకోరు. కడుపుకు చేపలున్నాయి కదా అనేవాడు అంబదాస్.

నాందేడు చిన్న ఊరేం కాదు. కలెక్టరు కచేరీ ఉంది, మునిసిపాలిటీ ఉంది, ఎక్కడెక్కడి నుంచో యాత్రికులు వచ్చే గురుద్వారా ఉంది, పొద్దున్నే భోంగా కూత వేసి కూలీలను పిలిచే బట్టల మిల్లు ఉంది. మునిగిన మనిషిని తీయాలంటే మాత్రం అందరికీ అంబదాసే దిక్కు. తీశాక మళ్లీ ఆ గల్లీ మొహం చూసినవాళ్లు తక్కువ. శవాలు ముట్టే చేతులని పెళ్లిళ్లకు కూడా పిలిచేవాళ్లు కాదు. అంబదాస్ దానికి నొచ్చుకోలేదు. సిగ్గుపడాల్సింది ఊరు, ఊరికి అంత తీరిక ఎక్కడిది?

అతను పని చేసే తీరు చెప్పాలి. నడుముకు తాడు కట్టుకుని తెప్ప మీద నుంచి దిగుతాడు. తాడు రెండో కొస తమ్ముడు ముత్తన్న చేతిలో ఉంటుంది. ముత్తన్న తెప్ప నడపడంలో మొనగాడే గాని, తల నీళ్లలో ముంచాలంటే ఒళ్లు జల్లుమనేది. అందుకని తాడు దగ్గరే ఉండిపోయాడు. తాడు పట్టేవాడే ముడి వేయాలి, అది కట్టుబాటు. ప్రాణం ఎవరి చేతిలో ఉంటే ముడి వాళ్లది. ఆ ముడిని దిగేవాడు తడిమి చూసుకోకూడదు. చూసుకున్నాడంటే నీ మీద నాకు నమ్మకం లేదని మొహం మీద అన్నట్టే. ఇన్నేళ్లలో అంబదాస్ ఒక్కసారి కూడా ముడి మీద చెయ్యి వేయలేదు.

దిగాక కళ్లు మూసుకునేవాడు. వానాకాలపు గంగలో కళ్లు తెరిచినా కనబడేది బురదే. చేతులతో, కాళ్లతో వెతకాలి. రాయి ఏదో, మొద్దు ఏదో, మనిషి భుజం ఏదో అతని వేళ్లకు తెలుసు. మనిషి దొరకగానే చంకల కింద చేతులు వేసి మనసులో ఒక మాట అనుకునేవాడు, "లే బిడ్డా, ఇంటికి పోదాం" అని. తండ్రి నేర్పిన మాట. అది అంటే నీళ్లు మనిషిని వదులుతాయని నమ్మకం. ఇదంతా ఒక్క ఊపిరి మీద జరగాలి. అంబదాస్‌కు ఉన్న ఆస్తంతా ఆ ఊపిరే. వంతెన స్తంభాల దగ్గర గుంతలోకి అతను దిగితే ఒడ్డున నిలబడ్డవాళ్లు కూడా ఊపిరి బిగబట్టేవాళ్లు. పట్టలేక వదిలేసి, మళ్లీ బిగబట్టేవాళ్లు. ముత్తన్న ఒక్కడే బీడీ పొగ వదులుతూ "అస్తడు, అస్తడు" అనేవాడు. వచ్చేవాడు.

ఊళ్లోనే వజీరాబాద్ పేటలో ఇనుప సామాను దుకాణం ఉన్న కోమటి సేట్లు తెలుగువాళ్లే. డెబ్బై నాలుగులో, శ్రావణంలో, వాళ్ల చిన్న కొడుకు నందకిషోర్ స్నానానికి దిగి మునిగిపోయాడు. బొంబాయిలో చదువుతున్న పెద్ద కొడుకు రాధాకిషన్ పండక్కి ఇంటికి వచ్చి ఉన్నాడు. అతను పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అంబదాస్ ఆ పిల్లవాణ్ణి మెట్ల మీద పడుకోబెట్టి, మొహానికి అంటిన బురద తన తలగుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. తల్లి వచ్చి చూసేసరికి మొహం శుభ్రంగా ఉండాలని అతని తాపత్రయం. రాధాకిషన్ ఆ సంగతి మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఎంత బాగుండేది.

తమ్ముడు పోయిన తర్వాత రాధాకిషన్‌కు నీళ్లంటే భయం పట్టుకోవాలి కదా. పిచ్చి పట్టుకుంది. బొంబాయిలో నౌకాదళం నుంచి రిటైరైన శంకర్రావు అనే ఆయన దగ్గర, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని నీళ్లలో దిగడం నేర్చుకున్నాడు. చలికాలం వస్తే మిత్రులతో కలిసి సముద్రం మీదికి పోయేవాడు. డెబ్బై తొమ్మిది చలికాలంలో అంబదాస్ ఇంటికి వచ్చి గడప ముందు నిలబడ్డాడు. బూడిద లేకుండా ఆ గడపకు వచ్చిన సేటు అతనొక్కడే.

"అంబదాసన్నా, నువ్వు నాతోని అండమాన్ రావాలె."

"గదేడున్నది సేట్?"

"సముద్రం నడుమ. దీవులుంటయి. పడవలనే తింటం, పడవలనే పంటం. ఒక దీవి కాడికెళ్లి ఇంకో దీవికి పోతం. వీపుకు గాలి డబ్బ కట్టుకోని లోపలికి దిగుతం."

"ఎవరన్న మునిగిండ్రా?"

"ఎవరు మునగలే. చూస్తానికే."

అంబదాస్ తమ్ముడి వైపు చూశాడు. ఎవరూ మునగకుండానే నీళ్లలోకి దిగేవాళ్లు లోకంలో ఉన్నారా అని ముత్తన్న కూడా నోరు తెరిచాడు.

"నీళ్లల్ల చూసేటిదేముంటది సేట్, బురద గాక."

"గందుకే రమ్మంటున్న. ఇంతమందిని తీస్తివి. లోపల ఎట్లుంటదో నువ్వు ఒక్కపారి గూడ చూడలే."

ఆ మాట అంబదాస్‌కు గుచ్చుకుంది. నిజమే, చూడలేదు. భార్య సంగవ్వ లోపలి నుంచి "పోయి రాయ్య, తీర్థం పోయినట్టు పోయి రా" అంది. "చలికాలం గంగల ఎవరు మునుగుతరు" అంది. ముత్తన్న మాత్రం గొణిగాడు. తాడు లేకుండా అన్న నీళ్లలో దిగడం అతనికి ఇష్టం లేదు.

నాందేడు నుంచి మీటరుగేజి రైలుబండిలో సికింద్రాబాదు, అక్కడ నుంచి మద్రాసు, మద్రాసు నుంచి ఓడ. ఓడలో అంబదాస్ కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాడు. పుట్టిన దగ్గర నుంచి నీళ్లలోనే బతికినవాడికి నీళ్ల మీద కళ్లు తిరగడం ఏమిటని తనకే నవ్వొచ్చింది. పోర్ట్ బ్లేయర్‌లో రాధాకిషన్, శంకర్రావు, ఇద్దరు బొంబాయి మిత్రులు కలిసి ఒక కొయ్య మోటారు పడవ మాట్లాడుకున్నారు. వంటకు, పడవ నడపడానికి ఆ ఊరివాళ్లు ఉన్నారు. అంబదాస్‌ను ఎవరూ పని చెయ్యమనలేదు. ఊరకే కూర్చోవడం చేతకాక చేపలు కోసిపెట్టేవాడు.

మొదటి దీవి దగ్గర లంగరు వేశాక అతను సంచిలోంచి పొట్లం తీసి, పసుపు కుంకుమ సముద్రంలో చల్లాడు. బొంబాయివాళ్లు ముసిముసిగా నవ్వారు. శంకర్రావు నవ్వలేదు. ఆ రోజు సిలిండరు ఇవ్వకుండా కళ్లకు అద్దం మాత్రం కట్టి దింపాడు. అంబదాస్ అలవాటు ప్రకారం కళ్లు మూసుకునే దిగాడు. కాసేపటికి, ఏమైతే అదవుతుందని తెరిచాడు.

అడుగు దాకా కనబడింది. ఇసుక మీద తన నీడ కనబడింది. పసుపు చేపలు, నీలం చేపలు అతన్ని లెక్కచేయకుండా మొహం ముందు నుంచే పోతున్నాయి. రాళ్ల మీద చెట్లలాంటివేవో మొలిచి ఊగుతున్నాయి. అన్నిటికంటే అతనికి వింతగా తోచింది తన చేతులు. నీళ్లలో తన చేతులు ఎలా ఉంటాయో నలభై దాటినా అతను చూడలేదు. వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ ఉండిపోయాడు. పైకి వచ్చి అద్దం తీసేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఉప్పునీళ్లు పోయాయని చెప్పుకున్నాడు. రాత్రి అన్నం తినేటప్పుడు రాధాకిషన్‌తో అన్నాడు: "ఇన్నేండ్లు గుడ్డోని లెక్క దేవులాడిన సేట్. ఇంత ఎలుతురు నీళ్లల్లకు అస్తదని నాకెరికె లేకపాయె."

ఇక అతను వేరే మనిషిగా మారిపోయాడు. పొద్దున లేస్తే పడవ ఎప్పుడు ఆగుతుందా అని చూసేవాడు. జనం లేని దీవులు, ఇసుక తెల్లగా మెరిసే దీవులు, ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. ముత్తన్నను కూడా తీసుకురావాల్సింది, ఇంత వెలుతురుంటే వాడి భయం పోయేది అనుకునేవాడు. జన్మలో అంత సంతోషంగా అతను ఎప్పుడూ లేడు. అది మిగిలి ఉంటే ఈ కథ చెప్పాల్సిన పని ఉండేది కాదు.

శంకర్రావు అతనికి సిలిండరు కట్టడానికి ముందు, నోట్లో పెట్టుకునే రబ్బరు చూపించి, మరాఠీలో ఒకటే మాట పదే పదే చెప్పాడు. ఊపిరి ఆపొద్దు. లోపల ఉన్నంతసేపూ పీలుస్తూ వదులుతూ ఉండాలి. పైకి వచ్చేటప్పుడు అసలే ఆపొద్దు. అంబదాస్ తలూపాడు. నీళ్లలో ఊపిరి పీల్చడం మొదట్లో అతనికి దొంగతనంలా అనిపించింది గాని అలవాటైంది. చెప్పింది చెప్పినట్టు చేశాడు. శంకర్రావు కూడా మెచ్చుకున్నాడు.

చివరి దీవి దగ్గర, మర్నాడు తిరుగు ప్రయాణం అనగా, అందరూ కలిసి దిగారు. ఒక పెద్ద రాయి ఉంది. రాయికి ఇవతల అంబదాస్ ఉన్నాడు. అవతల రాధాకిషన్ ఇసుక మీద బోర్లా పడుకుని, రాయి కింది కన్నంలో దాక్కున్న ఏదో జీవి తల బయటపెడుతుందేమోనని కదలకుండా చూస్తున్నాడు. బుడగలకు అది బెదురుతుందని కాసేపు ఊపిరి కూడా వదలడం లేదు. సరిగ్గా అప్పుడే అంబదాస్ రాయి చుట్టి వచ్చాడు.

ఇసుకలో మొహం, చాచిన చేతులు, నీళ్లలో అలా అలా ఊగే జుట్టు. ఆ ఆకారాన్ని అతను ఎన్నడూ కళ్లతో చూడలేదు. కాని అది అతని వేళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. సేట్ల ఇంట్లో ఇంకో కొడుకు కూడా పోయాడనుకున్నాడు. శంకర్రావు చెప్పినవన్నీ ఎటు పోయాయో పోయాయి. గుండెనిండా గాలి పీల్చి బిగించాడు. చంకల కింద చేతులు వేసి, లే బిడ్డా, ఇంటికి పోదాం అనుకుని, ఇసుకను కాలితో తన్నాడు.

రాధాకిషన్ హడలిపోయి గింజుకున్నాడు. రబ్బరు పళ్ల మధ్య ఉండగానే అరిచాడు. ఆ అరుపుతో ఊపిరి బయటికి పోతూ ఉండటం అతని ప్రాణం కాపాడింది. అంబదాస్ పట్టు ఇంకా బిగించాడు. గంగలో పైకి వస్తున్న కొద్దీ రొమ్ములో గాలి సన్నగిల్లేది. ఇక్కడ పైకి వస్తున్న కొద్దీ గాలి ఉబ్బుతోంది, పక్కటెముకలను తోస్తోంది. ఇదేమిటో అతనికి తెలియలేదు. తెలిసిందల్లా ఒకటే, మనిషి ఒడ్డున పడేదాకా ఊపిరి వదలకూడదు. వదల్లేదు.

పైన తేలగానే రాధాకిషన్ కోపంతో "పిచ్చి లేసిందా అన్నా" అన్నాడు. అంబదాస్ అతని మొహం చూశాడు. "బతికే ఉన్నవా సేట్" అన్నాడు. ఆ మాటతో పాటే నోట్లోంచి నురగలు నురగలుగా నెత్తురు వచ్చింది. పడవలోకి ఎక్కించేసరికి కుడిచెయ్యి వేలాడిపోయింది.

పోర్ట్ బ్లేయర్ ఆస్పత్రిలో డాక్టరు విడమరచి చెప్పాడు. అడుగున పీల్చిన గాలి నొక్కుకుపోయి ఉంటుందట. పైకి వచ్చేటప్పుడు అది పొంగుతుందట. వదిలేస్తే ఏమీ కాదు. బిగబడితే ఊపిరితిత్తి చిరిగి, గాలి బుడగలు నెత్తురులో కలిసి తలకెక్కుతాయి. ఉత్త ఊపిరితో దిగేవాడికి ఆ బాధ లేదు, సిలిండరుతో దిగినవాడికే. ఒక్కసారి నోరు తెరిచి ఊపిరి వదిలి ఉంటే చాలు, మనిషి నిక్షేపంగా ఉండేవాడు అన్నాడు. ఆయన చెప్పింది రాధాకిషన్ తెలుగులో చెప్పాడు. చెప్తూ మధ్యలో ఆగిపోయి, గోడవైపు తిరిగి ఏడ్చాడు. అంబదాస్ ఏడవలేదు. నీళ్లలో ఊపిరి వదలమని తనకు ఎవరు చెప్పినా ఆ నిమిషంలో వినేవాడు కాదని అతనికి తెలుసు.

నాందేడు తిరిగి వచ్చాక నడక వచ్చింది గాని కుడికాలు ఈడ్చేవాడు. కుడిచేతి వేళ్లు ముడుచుకునేవి, తెరుచుకునేవి, వాటికి స్పర్శ మాత్రం లేదు. ఊపిరి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఘాటు మెట్లు ఎక్కాలంటే మధ్యలో కూర్చోవాలి. రాధాకిషన్ చెడ్డవాడు కాదు. మందులు ఇప్పించాడు, దుకాణంలో కూర్చుని సామాను చూసుకొమ్మన్నాడు. అంబదాస్ కొన్నాళ్లు కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఒకడు కాపాడబోయి చెడ్డాడు, ఇంకొకడు మంచి చేయబోయి చెరిచాడు. తిట్టుకోవడానికి కూడా ఏమీ లేదు. అంబదాస్ దుకాణానికి పోవడం మానేశాడు, రాధాకిషన్ గంగ వైపు రావడం మానేశాడు.

బూడిద రావడం మాత్రం మానలేదు. అంబదాస్ పడిపోయాడని ఊరికి తెలుసు. అయినా కష్టం వచ్చినవాళ్ల కాళ్లు తెలిసిన గడపకే నడుస్తాయి. ముత్తన్న తెప్ప వేసుకుని పొడుగాటి కట్టెతో వెతికేవాడు. గంగ తక్కువగా ఉన్న రోజులు కావడంతో ఎలాగో దొరికేవాళ్లు.

ఎనభై మూడులో వచ్చిన వరద వేరు. ఆ వరదలో మిల్లు కార్మికుడు దయానంద్ వంతెన దగ్గర జారిపడ్డాడు. అతని భార్య సుమన వచ్చి గడప మీద బూడిద పెట్టి, అక్కడే కూలబడింది. ఏడవడం లేదు, అడగడం లేదు. అలా చూస్తూ కూర్చుంది.

"కట్టెతోని దేవులాడు తమ్మీ, దిగకు," అన్నాడు అంబదాస్.

"కట్టెకు అందే జాగ గాదన్న అది. గుంత. ఆమె గడపలనే కూసున్నది సూడు. ఏం జెప్పాలె ఆమెకు?"

కాదు అనాల్సింది అంబదాసే. మా వల్ల కాదమ్మా, బూడిద తీసుకుపో అని ఒక్క మాట అంటే సరిపోయేది. మూడు తరాలుగా ఆ గడప మీద బూడిద మిగిలిపోలేదు. ఆ గర్వం అతని నోరు నొక్కేసింది. చేతికర్ర ఊతంగా లేచాడు.

తెప్ప మీద తాడు అంబదాస్ పట్టుకున్నాడు. తాడు పట్టినవాడే ముడి వేయాలి కదా. తోడు వచ్చిన మిల్లువాడు ఒకడు "నేను కడత కాకా" అని చెయ్యి చాచాడు. "జరుగు" అన్నాడు అంబదాస్. ఎడమచేత్తో తాడు చుట్టి, కుడిచేతి వేళ్లతో కొస లాగి, పళ్లతో బిగించాడు. బిగిసిందో లేదో ఆ వేళ్లు చెప్పలేవు. ముత్తన్న ముడి వైపు చూడలేదు. గంగ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"అన్నా, కండ్లు మూసుకోవాల్నా?"

"మూసుకో. భయం గాదు."

ముత్తన్న దిగాడు. అంబదాస్ కూడా ఊపిరి బిగబట్టాడు. అది రెండు అంగలు వేసేంత సేపు కూడా నిలబడలేదు, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. దగ్గుతూ ఉండగానే తాడు గట్టిగా గుంజుకుంది. మిల్లువాడూ అతనూ కలిసి లాగారు. మొదట బరువుగా ఉంది. తర్వాత తేలిగ్గా వచ్చింది, చేద తెగిన తాడులా. కొస నీళ్లలోంచి పైకి వచ్చింది. ముడి పడిన జాడ కూడా దాని మీద లేదు.

"అస్తడు," అన్నాడు అంబదాస్. ఇంకొంచెం సేపటికి మళ్లీ అన్నాడు. చీకటి పడేదాకా ఆ తెప్ప మీద నుంచి అతన్ని ఎవరూ దింపలేకపోయారు.

మునిసిపాలిటీవాళ్లు పడవలు పెట్టి గాలాలు వేశారు. ఏమీ దొరకలేదు. వరద తీశాక దయానంద్ తనంతట తానే దిగువన ఒక ఊరి దగ్గర తుమ్మ కంపలో దొరికాడు. ముత్తన్న దొరకలేదు. ఆ కబురు విని అంబదాస్ సుమన పెట్టిన బూడిదను ఎడమచేత్తో ఎత్తి, గంగ దాకా కాలీడ్చుకుంటూ పోయి కలిపి వచ్చాడు. గడప ఖాళీ అయింది.

అన్నదమ్ములవి ఒకే వాకిలి, రెండు పొయ్యిలు. ముత్తన్న భార్య వనమాల ఇంట్లో పొయ్యి ముత్తన్న దిగిన రోజే చల్లారింది. సంగవ్వ తన ఇంట్లో వండి తీసుకెళ్లి తినిపించేది. వనమాల బావను ఒక్క మాట కూడా అనలేదు. ముడి సంగతి గల్లీ అంతా అనుకుంటుంటే ఆమె మాత్రం తలవంచుకుని పోయేది. ఆమె తన గుండెల మీద పడి తిడితే బాగుండునని అంబదాస్ ఎదురుచూశాడు.

సుమన బూడిద గంగలో కలిపిన మర్నాడు పొద్దున అంబదాస్ తింటూ ఉండగా వనమాల వాకిలి దాటి వచ్చింది. చెయ్యి మూసి ఉంది. గడప దగ్గర వంగి, గుప్పెడు బూడిద పెట్టి, కొంగు సర్దుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

అంబదాస్ పళ్లెం పక్కకు జరిపి లేచాడు. గోడ పట్టుకుని గడప దాకా వచ్చాడు. అక్కడి నుంచి ఎక్కడికి పోవాలో తోచక అలాగే నిలబడ్డాడు. వెనక నుంచి సంగవ్వ "కూసో అయ్యా" అంది. కూర్చున్నాడు.

ఆ బూడిద అక్కడే ఉండిపోయింది. సంగవ్వ రోజూ ఇల్లు ఊడ్చి, గడప దగ్గరికి వచ్చేసరికి చీపురు మెల్లగా పక్కనుంచి తిప్పి, మిగతా వాకిలి ఊడ్చుకునేది.